నేను గీకేసిన పద్నాలుగు రాళ్ళు

1978. మా ఊరికి చాలా దూరంగా, ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న సాక్చిలో ఒక సర్వే కాంట్రాక్టరు ఆఫీసులో ట్రేసర్‌గా పనిచేసేదాన్ని. సర్వేయరు పెన్సిలుతో గీసుకొచ్చిన నక్షా మీద ట్రేసింగ్ క్లాత్ పరిచి, సిరాతో ఎక్కించడం ట్రేసర్ పని. ఆ క్లాత్ గంజిపెట్టి నున్నగా చేసిన పల్చటి గుడ్డ. ప్రింట్లు దాన్నుంచే తీస్తారు. మేముండే సీతారాండేరా బస్తీ నుంచి నడిచొచ్చి సాయంత్రం దాకా వంగి గీస్తే నడుం పడిపోయేది.

ఊరవతల హో ఆదివాసీల పల్లె ఒకటి, ముప్ఫై ఇళ్ళుంటాయేమో, దాని నక్షా నా బల్ల మీదికి వచ్చింది. ఏదో గోడౌనుకి ఆ పక్కనుంచి లారీల రోడ్డు వెయ్యాలట. రోడ్డు గీత పోయేచోట మా సర్వేయరు ‘రాతి నేల, ఖాళీ’ అని రాసిపారేశాడు.

ఆ మధ్యాహ్నమే పల్లె పెద్ద మంగళ్ ఆఫీసుకి వచ్చాడు. అరవై దాటిన మనిషి.

“అది ఖాళీ కాదు బేటీ, మా ససన్‌దిరి. పోయినవాళ్ళ ఎముకలు ఆ రాళ్ళ కింద పెడతాం. ఎవరి రాళ్ళుంటే ఊరు వాళ్ళది. మాకు వేరే కాగితం లేదు” అన్నాడు హిందీలో.

ఒక్కో రాయి ఎక్కడుందో నక్షా మీద చూపించి, ఎవరిదో చెప్పాడు. అడవి కొట్టి మొదటి ఇల్లు కట్టినవాడిది ఒకటి. కరువేడు తను దాచిన విత్తనాలు ఊరంతటికీ పంచిన ముసలమ్మది ఒకటి. చివరిది ఆయన భార్యది. మొత్తం పద్నాలుగు. అన్నీ పేర్లతో సహా సిరాతో ఎక్కించాను.

మా యజమాని అప్పలస్వామి గారి కంట పడింది. ఆయనా మా శ్రీకాకుళం వైపు మనిషే.

“ఏటమ్మా ఇది? రాళ్ళకి పేర్లెట్టేత్తన్నావా? గీకెయ్యి.”

“సమాధులండీ అవి.”

“పొట్టకూటికి ఊరొదిలొచ్చినోళ్ళం, మనకెందుకా గొడవ? బ్లేడు అట్టుకో.”

ఊళ్ళో తన తండ్రి సమాధికి ఏటా సున్నం వేయించే మనిషి ఈ మాటంటాడా! నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా బ్లేడు పట్టుకుని పద్నాలుగూ గీకాను. ఒక్క పని మాత్రం ఎగ్గొట్టాను. గీకినచోట గోటితో రుద్ది నునుపు చెయ్యాలి. లేకపోతే గుడ్డకి మురికిపట్టి ప్రింటులో మచ్చ పడుతుంది. నేను రుద్దలేదు. అదే పెద్ద ధైర్యమనుకున్నాను.

రోడ్డు మీద ఊరివాళ్ళ అభ్యంతరాలు వినే సర్కారు విచారణ రోజున ప్రింట్లు మోసుకుంటూ మా యజమాని వెంట వెళ్ళాను.

“ఈ మచ్చలేమిటి?” అన్నాడు అధికారి.

“సిరా ఒలికింది సార్” అన్నారు మా యజమాని, కళ్ళార్పకుండా.

మంగళ్ లేచి వచ్చాడు. ఒక్కో మచ్చ మీద వేలుపెట్టి, తడుముకోకుండా పద్నాలుగు పేర్లూ చెప్పాడు. గీసింది నువ్వేనా అన్నట్టు అధికారి నా వైపు తిరిగాడు.

“సిరా కాదు సార్. అక్కడ రాళ్ళు గీశాను. గీకెయ్యమంటే గీకేశాను” అన్నాను.

అధికారి తనే వెళ్ళి చూసొస్తానని విచారణ వాయిదా వేశాడు. బయట మంగళ్ నా దగ్గరికి వచ్చాడు. మెచ్చుకుంటాడనుకున్నాను, సిగ్గులేకుండా.

“నా భార్య పేరు నువ్వే రాశావు. మళ్ళీ నువ్వే ఎందుకు గీకావు బేటీ?”

“చెయ్యమన్నారు” అన్నాను. ఆయన నా చేతుల వంక చూసి వెళ్ళిపోయాడు.

తర్వాత రోడ్డు రాళ్ళకి దూరంగా జరిగింది. నా ఉద్యోగం మాత్రం మర్నాడే పోయింది. టెల్కో కాలనీ వైపు ఇంకో ఆఫీసులో చేరి చాలా ఏళ్ళు గీశాను. ఎవరి నేలనైనా ఖాళీ అని రాయమంటే, ముందు చూసొస్తానని మొండికేసేదాన్ని. అప్పలస్వామి గారిని ఇవాళ్టికీ తిట్టుకుంటాను. కానీ ఆ రోజు బ్లేడు పట్టుకున్నది నేను.