తాతగారి గుడారంలో ఎండుచేపల విడిది

హంసలదీవి పక్కన ఒక చిన్న బెస్తపల్లె ఉంది. ఆ పల్లెవాళ్ళు ఒకే వారంలో రెండు ఉపద్రవాలు చూశారు. ఒకటి బంగాళాఖాతం మీంచి వచ్చింది. రెండోది బందరు నుంచి బస్సులో వచ్చింది. ఆ రెండోదానికి నాయకుణ్ణి నేనే. మొదటిది వచ్చిన దారినే వెళ్ళిపోయింది కనక దాని సంగతి వదిలేసి రెండోదాని గురించి చెబుతాను.

జమీలు రద్దయిన కొన్నేళ్ళ తరవాతి మాట. అప్పటికి నేను బి.ఏ. ప్యాసయ్యాను. ఉద్యోగం లేదు. వెన్ను మాత్రం ఇనపకడ్డీ మింగినట్టు నిటారుగా ఉండేది. ఒకప్పుడు దివిసీమలో మా తాతగారికి లంకలుండేవి. నా దాకా వచ్చేసరికి లంకలు పోయాయి, గుర్రబ్బండి పోయింది, వెండి కంచాలు ఒక్కొక్కటే దొడ్డిదారిన నడిచి వెళ్ళిపోయాయి. మిగిలింది ఒక గుడారం. అది కూడా మా మీద అభిమానం కొద్దీ ఉండిపోలేదు. వేలంలో దాన్ని ఎవరూ పాడలేదు, అంతే.

గుడారమంటే పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే గుడ్డ అనుకోకండి. తెల్లటి మందపాటి కాన్వాసు, ఎర్రటి అంచు, లోపల ఆకుపచ్చ అస్తరు, రాటలకి ఇత్తడి బుడిపెలు. తాతగారు లంకలు చూసుకోవడానికి వెళ్ళినప్పుడల్లా అది ముందు వెళ్ళేది, వెనక ఆయన వెళ్ళేవారు. ఒకసారి అందులో కలెక్టరుదొర కూర్చుని టీ తాగాడట. మా ఇంట్లో ఆ టీ గురించి ఎన్నిసార్లు చెప్పుకున్నారంటే, ఆ దొర ఇంకా తాగుతూనే ఉన్నాడేమో అని చిన్నప్పుడు నాకు అనుమానంగా ఉండేది.

మా వీధి చివర చర్చి పక్క గదిలో దావీదు మాస్టారని రిటైరయిన ఉపాధ్యాయుడొకాయన పిల్లల కోసం యువజన సంఘం నడిపేవారు. వీధిలోని క్రైస్తవుల పిల్లలూ మావాళ్ళ పిల్లలూ అందరూ అక్కడే క్యారమ్స్ ఆడేవారు. దీపావళి సెలవుల్లో వాళ్ళని సముద్రం ఒడ్డుకి క్యాంపుకి పంపాలని ఆయనకి బుద్ధి పుట్టింది. ఒకరోజు మా ఇంటికొచ్చారు.

"బాబూ, మీ గుడారం రెండ్రోజులు ఇస్తారా?"

"అది ఎక్కడికి వెళ్తే నేనూ అక్కడికే వెళ్ళాలండీ. మా ఇంటి ఆచారం."

"అయితే మరీ మంచిది. మీరే లీడరు!"

మా వంశంలో పదవి పోయాక మళ్ళీ వచ్చిన మొదటి పదవి అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయితే మాస్టారు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఒక మాట అన్నారు.

"పిల్లల తల్లిదండ్రులు మొదట ఒప్పుకోలేదు బాబూ. ఈ ఒక్కసారికీ బతిమాలి ఒప్పించాను. పిల్లలు చక్కగా తిరిగొస్తే ఏటా పంపిస్తారు, ఏటా మీరే లీడరు. ఏదైనా తేడా వచ్చిందంటే మాత్రం ఇక జన్మంతా క్యారమ్సే."

బయల్దేరే రోజు పొద్దున ఆకాశం మసిగుడ్డలా ఉంది. పిల్లల్లో పెద్దవాడు సామ్యేలు, పదహారేళ్ళవాడు, నోరు మాత్రం అరవయ్యేళ్ళది, పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"లీడరుగారూ! రేవులో తుఫాను జెండా ఎగరేశారంట!"

"అది ఓడలకి. మనం బస్సులో వెళ్తున్నాం."

"వాన పడితే ఓడకీ బస్సుకీ వేరే వేరే పడుద్దా అండీ?"

మా ఇంట్లో కుర్రకారు ప్రశ్నలకి జవాబివ్వకపోవడమే జవాబు.

అవనిగడ్డ దాకా బస్సు, అక్కణ్ణించి గుడారానికి ఎడ్లబండి, మాకు కాళ్ళు. ఆ పల్లె చేరేసరికి మధ్యాహ్నమైంది. మగవాళ్ళందరూ ఒడ్డున పడవలు పైకి లాక్కుంటున్నారు. నేను చుట్టూ చూశాను. ఎటు చూసినా బురద, తుంగ, ఉప్పునీటి మడుగులు. మధ్యలో ఒక్కచోట మాత్రం మెరకగా, చదునుగా, పెళ్ళివారింటి వాకిలిలా ఊడ్చి ఉన్న ఇసకనేల. నా కోసమే ఎవరో సిద్ధం చేసి పెట్టినట్టుంది. ఎవరు ఊడ్చారు, ఎందుకు ఊడ్చారు అన్న ప్రశ్న నాకు తట్టలేదు. నా ముందు నేల ఊడ్చి ఉండటం నాకు సహజంగానే తోచింది.

మేకులు దిగాయి. గుడారం లేచింది. ఇత్తడి బుడిపెలు ఆ మబ్బులో కూడా మెరిశాయి. నేను నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. అప్పుడు ఒక నడివయసు మనిషి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, చేతిలో చీపురుతో వచ్చింది. ఆవిడ పేరు నాగమ్మ అని, ఆ పల్లెలో ఆడవాళ్ళకి ఆవిడ మాటే శాసనమని తరవాత తెలిసింది.

"ఏం బాబూ, ఏవూరు మీది? ఇది మేం చేపలెండేసుకునే చోటు."

"ఇదంతా మా తాతగారి లంక."

"అలాగా! ఎక్కడున్నారు తాతగారు?"

"పోయారు."

"అయ్యో. మరి లంక?"

"అదీ పోయింది."

ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని నా మొహంలోకి జాలిగా చూసింది. "మరి ఏం మిగిలింది నాయనా?"

"ఈ గుడారం."

వెనక సామ్యేలు దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

"సరే, ఎలాగూ ఎండ లేదుగా," అంది నాగమ్మ. "మా చేపలన్నీ కింద పాకలో పోసేశాం. ఎండొచ్చాక తీసేద్దురుగాని. ఒక్క మాట బాబూ, నీళ్ళొస్తే మాత్రం మాకు ఈ మెరకే దిక్కు."

"నీళ్ళు రావు," అన్నాను. సముద్రం కూడా మా తాతగారి రైతే అయినట్టు.

నీళ్ళు వచ్చాయి. ఒక గంటలో వాన మొదలైంది. ఆ వాన చినుకులుగా పడలేదు, కుండలతో కుమ్మరించినట్టు పడింది. పక్కనున్న ఉప్పుటేరు పొంగి చేపల పాకలోకి నడిచి వచ్చేసింది. పిల్లలు గుడారంలో సంతోషంగా పాటలు పాడుతున్నారు. నేను కలెక్టరుదొర కూర్చున్న చోటు ఇదమిత్థంగా ఊహించుకుని అక్కడ కూర్చుని ఉన్నాను. ఇంతలో తెర బయట గోల. తల మీద గంపలతో పల్లెలో ఆడవాళ్ళందరూ నిలబడి ఉన్నారు. ముందు నాగమ్మ.

"బాబూ, గుడారం దించు. చేపలు ఇక్కడ పెట్టి తాటాకులు కప్పుకోవాలి. నెల్లాళ్ళ వేట ఇది. తడిసిందా, పురుగు పట్టిపోద్ది. రేపు గుడివాడ సంతకి ఏం పట్టుకెళ్ళమంటావు? మా పిల్లలకేం పెట్టమంటావు?"

ఆవిడ చెప్పింది న్యాయమని నాకు తెలుస్తూనే ఉంది. కానీ నోరు నా మాట వినలేదు.

"గుడారం దింపడం మా వంశంలో లేదు."

"దించొద్దులే అయితే," అంది నాగమ్మ. తల వంచి, తెర తోసుకుని, గంపతో సహా లోపలికి వచ్చేసింది. సామ్యేలు తెర ఎత్తి పట్టుకుని మిగతావాళ్ళని "రండి పిన్నీ, రండత్తా, చూసుకుని రండి" అని పిలవడం మొదలుపెట్టాడు, పెళ్ళిలో ఆడపిల్లవారిలా.

"ఆగండి! ఇందులో కలెక్టరుదొర టీ తాగాడు!" అన్నాను.

"మా చేపలు టీ అడగవులే బాబూ, కంగారుపడకు," అంది నాగమ్మ, ఒక గంప సరిగ్గా ఆ దొర కూర్చున్న చోట బోర్లిస్తూ.

ఇక్కడ ఒక సంగతి మనవి చెయ్యాలి. మాది ఉల్లిపాయ కొయ్యాలన్నా కాస్త ఆలోచించే ఇల్లు. చేప అన్న మాట వినిపిస్తే మా అమ్మ ఆ మాట పడ్డచోట కూడా నీళ్ళు చల్లేది. అలాంటి నేను ఎదురుగా చూస్తుండగానే నెత్తళ్ళు మోకాలెత్తు లేచాయి, సొరముక్కలు నడుమెత్తు లేచాయి. కాసేపటికి గుడారంలో మనుషులకి చోటు లేకుండా పోయింది.

"పిల్లలూ, మీరు మా ఇళ్ళకి రండి. వేడివేడిగా గంజి తాగుదురుగాని," అంది నాగమ్మ. "నువ్వూ రా బాబూ."

"నేను రాను. గుడారం ఎక్కడుంటే నేనక్కడే."

"నీ ఇష్టం. మా చేపలకీ ఒక కాపలా ఉండాలిగా."

అందరూ వెళ్ళిపోయారు. అప్పుడు గాలి లేచింది. ఒక మేకు ఊడింది, మరో తాడు తెగింది. గుడారం తెరచాపలా ఉబ్బి, తాతగారి దగ్గరికే వెళ్ళిపోదామన్నట్టు పైకి లేవబోయింది. నేను నడిమి రాటని రెండు చేతులతో కౌగిలించుకుని చేపల గుట్ట మీద కూలబడ్డాను. నిజం చెప్పాలంటే నేను పట్టుకున్నది చేపల కోసం కాదు, గుడారం కోసం. కానీ చేపలకి ఆ తేడా తెలియదు. పల్లెకీ తెలియదు. గుడారం ఎగిరిపోతే ఆ నెల్లాళ్ళ వేటంతా వానపాలే.

"ఎవరక్కడ!" అని అరిచాను. లీడరు అరవవలసిన మాట అది కాదు. కానీ పిల్లలు గంజి ముంతలు వదిలేసి పరిగెత్తుకొచ్చారు. నాగమ్మా, మిగతా ఆడవాళ్ళూ కూడా వచ్చారు. బయట తలో తాడూ పట్టుకుని వాళ్ళు, లోపల రాట పట్టుకుని నేను.

"లీడరుగారూ! లోపలెలా ఉందండీ?" అని బయటనుంచి సామ్యేలు.

"గౌరవంగా ఉంది!"

"వాసన మాకు బయటికే కొడతందండీ!"

చీకటి పడే వేళకి గాలి తగ్గింది. ఒక్క చేపా తడవలేదు. ఆ తడవని చేపల్లో నేనూ ఒకణ్ణి.

మర్నాడు ఫెళ్ళున ఎండ కాసింది. చేపలు బయటికొచ్చాయి, వాటి వాసన మాత్రం అస్తరులోనే ఉండిపోయింది. వెళ్ళేటప్పుడు నాగమ్మ ఒక బుట్టెడు నెత్తళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీ దయవల్ల మా వేట దక్కింది బాబూ. మీ అమ్మగారికియ్యి." రైతులిచ్చిన కానుక తిప్పి పంపడం మా తాతగారి కాలంలో లేదు. అందుకని తల పంకించి పుచ్చుకున్నాను. దారిలో బుట్ట సామ్యేలుకిచ్చేశాను. వాళ్ళమ్మ సంతోషిస్తుందన్నాడు.

అవనిగడ్డలో బస్సు కండక్టరు గుమ్మం దగ్గరే నన్ను ఆపాడు.

"ఎండుచేపల సరుకు పైన వెయ్యాలండీ."

"నా దగ్గర చేపల్లేవు."

అతను ముక్కు మూసుకుని నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "మరి మీరే పైకెక్కండి."

గుడారమూ నేనూ బస్సు పైన బందరు చేరాం. వెన్ను మాత్రం వంచలేదు. బస్టాండులో దావీదు మాస్టారూ, పిల్లల తల్లిదండ్రులూ ఎదురుచూస్తున్నారు. పిల్లలు ఎగబడి కబుర్లు చెబుతున్నారు. నేను బండి మాట్లాడుకుని, గుడారం అందులో వేయించి, దాని వెనక నడిచాను. కాసేపటికి నా వెనక కూడా ఎవరో నడుస్తున్నట్టనిపించింది. తిరిగి చూస్తే పిల్లులు. వీధి మలుపు మలుపుకీ పెరుగుతున్నాయి. చేపల బుట్ట సామ్యేలు చేతిలో ఉంది, అతను పక్కవీధిలోకి వెళ్ళాడు. ఒక్క పిల్లీ అతని వెంట వెళ్ళలేదు.

మా అమ్మ వీధి గుమ్మంలో నిలబడి ఆ ఊరేగింపు చూసింది. ముక్కున చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఎక్కడికిరా వస్తున్నావ్?"

"ఇంటికమ్మా."

"గుడారం ఉందిగా. పెరట్లో వేసుకుని అందులో ఉండు. వాసన పోయాక రా."

వాసన పోవడానికి వారం పట్టింది. ఆ వారమంతా నేను మా పెరట్లోనే క్యాంపు చేశాను. అమ్మ అన్నం దూరంగా అరుగు మీద పెట్టి, విస్తరి ఇటు తోసేది. రెండో రోజు సాయంత్రం దావీదు మాస్టారు వచ్చి, గాలి ఎటునుంచి వీస్తోందో చూసుకుని, బావి అవతలే నిలబడ్డారు.

"బాబూ! పెద్దలు ఒప్పుకున్నారు! మా పిల్లలు ఇంత సంతోషంగా ఎప్పుడూ లేరంటున్నారు. ఏటా పంపిస్తారట, ఏటా మీరే లీడరట! దగ్గరికొచ్చి చెయ్యి కలిపేవాణ్ణే, కానీ…"

"ఫరవాలేదండీ, అక్కణ్ణించే చాలు."

ఆయన వెళ్ళాక నేను గుడారం ముందు నిటారుగా నిలబడి, కుడిచెయ్యి ఎత్తి, గంభీరంగా ప్రమాణం చేశాను: ఈ భూమ్మీద ఊడ్చిన నేల ఎక్కడ కనిపించినా, "ఇది ఎవరిదండీ" అని అడిగి, "వేసుకోండి" అనిపించుకున్నాకే మేకు దించుతానని. జీవితంలో నేను చేసిన మొదటి ఉపన్యాసం అదే. సభ నిండిపోయింది. గోడ మీదా, బావిగట్టు మీదా కూడా కూర్చున్నారు. ముగిసేదాకా ఒక్కరూ లేవలేదు, రెప్ప కూడా వెయ్యలేదు, మీసాలు మాత్రం అప్పుడప్పుడూ నాకారు.