పిన్ని కడిగిన నల్లపొడి

గత వారం పెరంబూరులో మా పిన్ని పోయింది. నిద్రలోనే పోయిందని డాక్టరు చెప్పాడు. నాకు ఫోన్ చేసింది ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. "సార్, మేడం లేరు" అని, "ల్యాబ్‌లో రియాక్టరు నడస్తా ఉంది. ఆపాల్నా?" అని అడిగింది.

"ఆపొద్దమ్మా" అన్నాను.

పాఠకులకు ఆమె తెలిసి ఉండదు. పిన్ని రసాయన శాస్త్రవేత్త. సీసాల ప్లాస్టిక్కుకు ముడిసరుకు మామూలుగా పెట్రోలియం నుంచి వస్తుంది. దాన్ని చెరకు పిప్పి నుంచి తీసిన చక్కెరలతో చేయాలన్నది ఆమె పని. సాయంత్రం ఇంటికొస్తే చీర కొంగు మాడిన బెల్లం పాకం వాసన వేసేది. వరండాలో కూర్చుని మాట్లాడుతూ, లోకల్ రైలు వస్తే ఆగిపోయి, అది దాటాక ఆపిన పదం నుంచే మొదలుపెట్టేది. ఇప్పుడు ఆమె మాటలకన్నా ఆ ఆగిన క్షణాలే ఎక్కువ గుర్తొస్తున్నాయి.

ఆ చక్కెరను మార్చేది ఒక నల్లటి పొడి, ఉత్ప్రేరకం. "పాలలో వేసే తోడులాంటిదా పిన్నీ?" అని ఒకసారి అడిగాను.

"తోడు కాదురా. తోడు పెరుగులో కలిసిపోతాది. ఇది పని చేసి, వచ్చినట్టే బైటికి రావాల. నా కర్మ, ఇది పెండ్లికొచ్చి ఈడనే కాపురం పెడతాండాది!"

నిజమే. చక్కెర మాడి, బంకలా పొడికి పట్టేది. క్రమంగా పొడి పనిచేయడం మానేసేది. దాన్ని కడిగి మళ్లీ వాడగలిగితేనే ఈ పద్ధతి ఫ్యాక్టరీకి పనికొస్తుంది. ఆ అమ్మాయి డాక్టరేటు కూడా దీని మీదే ఆధారపడి ఉంది.

అంబత్తూరులో సీసాలు తయారుచేసే ఒకాయన, కొత్త పొడితో ముడిసరుకు రాగానే ఇక ప్రకటించేద్దామని తొందరపడ్డాడు. విలేకరిని కాబట్టి నేనూ పిన్నిని వార్త అడిగాను.

"కొత్త పొడితో ఎవురైనా చేస్తారప్పా. కడిగిన పొడితో రానీ, అప్పుడు రాస్కో. అందాక కాఫీ తాగి పో."

చేతిలో ఉన్న వార్తను ఆపి, మళ్లీ సరిచూసుకునే అలవాటు నాకు ఆమె దగ్గరే వచ్చింది.

అంత్యక్రియలయ్యాక ల్యాబ్‌కు వెళ్లాను. ఆమె పోయిన రోజు రియాక్టరులో ఉన్నది తన చేత్తో కడిగిన పొడేనట. అమ్మాయి వడపోత కాగితం చూపించింది. దాని మీద తెల్లటి ముడిసరుకు. కొత్త పొడితో ఎంత వచ్చేదో, అంతే వచ్చింది.

"రాస్తారా సార్?"

"నువ్వేమంటావు?"

"ఇంగొక తూరి కడగతాను సార్. ఒక్కసారికే మేడం ఒప్పుకోరు."

అమ్మాయి వాడిన పొడిని బీకరులో వేసి వేడినీళ్లు పోసింది. నల్లపొడి లేచి పొగలా తిరిగింది. పొడి కిందికి దిగుతూ ఉంటే నీళ్లు పైనుంచి మెల్లగా తేటపడ్డాయి. ముందు కిటికీ వెలుగు కనిపించింది. తర్వాత, బీకరును అవతలి నుంచి పట్టుకున్న ఆ అమ్మాయి వేళ్లు.