కాఫీ గింజ మీద నిలిచిన బడి

రాణిగారు మా కొండసీమలో మొట్టమొదట చెమటోడ్చి గెలిచింది మా టీచరమ్మ కబాహెండ తండ్రి కాహ్వాని. ఆ తర్వాత ఆవిడ గెలిచినవి చాలా ఉన్నాయి, అవన్నీ వరసగా చెప్పగలను. కానీ ఆ గెలుపు కోసం ఆవిడ మూడుసార్లు గుట్ట ఎక్కడం కళ్ళారా చూసినవాళ్ళం మేం. అందుకే దానితో మొదలుపెట్టాలి.

అది తొంభై అయిదో సంవత్సరం. ప్రభుత్వం మా రాజుగారికి సింహాసనం తిరిగి ఇచ్చి రెండేళ్ళు. రాణిగారు కొత్త కోడలు. కబాహెండకి పదహారేళ్ళు, ఏడో తరగతి పరీక్షలో జిల్లాకి మొదటిది. మగపెళ్ళివారు ఆరు ఆవులు ఓలి ఇచ్చేలా కాహ్వా ఆ పిల్లకి సంబంధం కుదిర్చేశాడు. ఆ మాట రాణిగారి చెవిన పడింది. మొదటిసారి ఆవిడ వచ్చినప్పుడు కాహ్వా జ్వరమని చెప్పి అరటితోటలో దాక్కున్నాడు. రెండోసారి చేతులు కట్టుకుని అంతా విని, తల ఊపి, మర్నాడే పెళ్ళివారికి కబురు పంపాడు. మూడోసారి ఆవిడ డప్పులూ భటులూ లేకుండా వచ్చి, కాహ్వా భార్య పక్కన చాప మీద కూర్చుని నానబెట్టిన చిక్కుడు గింజలకు పొట్టు తీయడం మొదలుపెట్టారు.

"అమ్మా రాణీ, నీకు బడుల పిచ్చి పట్టింది. పట్టనీ. నా ఆరు ఆవులు ఎవరు తోలుకొస్తారు?" అన్నాడు కాహ్వా.

"ఆవు ఎన్నేళ్ళు పాలిస్తుంది, పెద్దాయనా?"

"బాగా మేపితే పదేళ్ళు."

"టీచరు ముప్పై ఏళ్ళు జీతం తెస్తుంది. పైగా గడ్డి అడగదు."

కాహ్వా భార్యకి నవ్వు ఆగలేదు. "ఒప్పుకోవయ్యా. లేకపోతే రేపూ వస్తుంది. రాణిచేత గింజలు ఒలిపించుకున్నావని ఊరంతా నీ మొహాన ఉమ్మేస్తుంది" అంది.

కాహ్వా ఒప్పుకున్నాడు. మా గుట్టల నుంచి టీచరు ట్రైనింగుకి వెళ్ళిన మొదటి ఆడపిల్ల కబాహెండ. రెండువేల ఒకటిలో ఆమె తిరిగొచ్చేసరికి తేయాకు తోటల మధ్య, రాజుగారి భూమిలో, మట్టిగోడల బడి ఒకటి సిద్ధంగా ఉంది. పద్నాలుగు మంది ఆడపిల్లలు. ప్రారంభం రోజున కబాహెండ బుట్టలో వేయించిన కాఫీ గింజలు తెచ్చి రాణిగారి ముందు మోకరిల్లి పట్టుకుంది. వచ్చినవాళ్ళకి నమలడానికి గింజలివ్వడం ప్రతి ఇంట్లో ఉన్నదే. కానీ రాణిగారు ఒక్క గింజ తీసుకుని, దాన్ని రెండు బద్దలు చేసి, ఒకటి తన నోట్లో వేసుకుని రెండోది కబాహెండ నోటికి అందించారు.

"ఆత్వోకీ, ఈ నేల నీ పిల్లలది. నేను బతికుండగా ఎవరూ కదపరు" అన్నారు.

ఆత్వోకి అనేది కబాహెండ ముద్దుపేరు. మాలో అయినవాళ్ళు ఆ పేరుతోనే పిలుస్తారు. ఇక గింజ పంచుకోవడమంటే మా తాతల కాలంలో పొట్ట మీద గాటు పెట్టి, ఆ నెత్తురులో గింజ ముంచి ఒకరిది ఒకరు తినేవారు. అలా తిన్న ఇద్దరి మధ్య ద్రోహమనేది ఉండకూడదు. అక్కడున్న ముసలివాళ్ళం అందరం ఆ మాట గుర్తు చేసుకుని చప్పట్లు కొట్టాం.

ఒక్క కాహ్వా మాత్రం కొట్టలేదు. వేలిముద్ర మనిషి. ఆ సాయంత్రం కూతురితో, "కాగితం రాయించుకోవే" అన్నాడు.

"గింజ పంచుకున్నాక కాగితం అడగమంటావా నాన్నా? ఆవిడ్ని దొంగ అన్నట్టు కాదూ?"

"నాకు చదువు రాదు గదా, అందుకే అడుగుతున్నా" అన్నాడు కాహ్వా.

ఆ తర్వాతి పదిహేడేళ్ళు మా సీమకి మంచి రోజులు. కబాహెండ పెళ్ళి మాటే ఎత్తలేదు. మట్టిగోడలు ఇటుకగోడలయ్యాయి. ఆ బడిలో రెండువందల పన్నెండు మంది ఆడపిల్లలు ఏడో తరగతి పాసయ్యారు. ముప్పై ఒక్కమంది టీచర్లు, పద్దెనిమిది మంది నర్సులు, ఒక ఇంజనీరు, ఇద్దరు లాయర్లు. రాణిగారు సీమ మొత్తం మీద ఇలాంటి బడులు పదకొండు నిలబెట్టారు. ప్రతి ఆదివారం రేడియోలో మాట్లాడేవారు. ఈడు రాని కూతురికి పెళ్ళి చేసినవాడికి రాజుగారి కొలువులో పెద్దరికం దక్కదని చాటించారు. పోలీసులు చెబితే వినని తండ్రులు, "రాణమ్మ చెప్పింది" అంటే పిల్ల చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చేవారు. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఈరోజుకీ కాదనను.

పోయిన నవంబరు పదిన బడి వార్షికోత్సవం జరిగింది. రాణిగారు వచ్చి, కబాహెండ పక్కనే కూర్చుని, ఆమె ముందున్న బుట్టలోని సంకటి తుంచుకుని తిన్నారు. "ఈ బడి నా మొదటి బిడ్డ" అన్నారు మైకులో. వారం తిరక్కుండా చిన్న కొడుకుని విదేశంలో చదువులో పెట్టడానికి విమానమెక్కారు.

డిసెంబరు మొదట్లో రాజుగారి భూముల కచేరీ నుంచి కుసెమెరెర్వా వచ్చింది. మొదటి పద్నాలుగు మందిలో ఒకతె, ఇప్పుడు ఆ కచేరీలో లాయరు. టీచరు ముందు మోకరిల్లి పలకరించింది కానీ లేచాక కళ్ళెత్తలేదు.

"టీచరమ్మా, ముందు కూర్చోండి."

"నా బడిలో నన్నే కూర్చోమంటున్నావు, పెద్దదానివయ్యావే. చెప్పు."

కుసెమెరెర్వా కాగితాలు బల్ల మీద పెట్టింది. బడి ఉన్న నేల, చుట్టూ ఉన్న వాలు అంతా తేయాకు కంపెనీకి నలభై తొమ్మిదేళ్ళ కౌలు. జనవరి ముప్పై ఒకటిలోగా బడి ఖాళీ చెయ్యాలి.

కబాహెండ నవ్వేసింది. "రాణిగారు ఊళ్ళో లేనిది చూసి మీ కచేరీ దివానుగారు ఆడిన ఆట ఇది. ఆవిడకి ఫోన్ చెయ్యి, చాలు."

కుసెమెరెర్వా నాలుగో పేజీ తిప్పింది. రాజుగారి సంతకం కింద రాణిగారిది. పక్కన తేదీ, అక్టోబరు పద్నాలుగు.

కబాహెండ ఆ తేదీని వేలితో రెండుసార్లు తడిమింది. "అయితే సంతకం పెట్టేసి వచ్చి నా బుట్టలో తిందన్నమాట" అంది.

"కౌలు డబ్బు రాణిగారి విద్యానిధికే వస్తుందమ్మా. ఏటా పదిమంది తెలివైన పిల్లల్ని రాజధానిలో చదివిస్తారు."

"మిగతా నూట ముప్పై మంది?"

కుసెమెరెర్వా కాగితాలు సర్దుతూ చెప్పింది. "ఈడొచ్చినవాళ్ళకి తేయాకు కోతలో పని ఇస్తామని కంపెనీ మాటిచ్చింది."

తర్వాత ఆమే గొంతు తగ్గించి అడిగింది: "మీ దగ్గర ఏదైనా కాగితం ఉందా? ఒక్క ముక్క చాలు. ఉంటే ఉద్యోగం పోయినా నేనే ఆపిస్తాను."

"కాఫీ గింజ పంచుకున్నాం."

"నమిలేశారు కదమ్మా."

కుసెమెరెర్వా కళ్ళు తుడుచుకుంది. "రాసివ్వనిది పుచ్చుకోవద్దు, చదవకుండా సంతకం పెట్టొద్దు అని మాచేత వందసార్లు రాయించారు. మీరు మాత్రం ఎలా చేశారమ్మా ఈ పని?"

"ఆ పాఠం బయటివాళ్ళ కోసమే అనుకున్నానే" అంది కబాహెండ.

ఆ వారమే ఆమె రాణిగారికి ఫోనులో పొడుగాటి సందేశం పంపింది. నాలుగో రోజున జవాబు వచ్చింది. "గౌరవనీయులైన కబాహెండ గారికి, మీ సేవలను ఎన్నటికీ మరువం. పిల్లల పెద్ద మేలు కోసం తీసుకున్న నిర్ణయమిది." అంతే. ఆత్వోకి అన్న మాట ఎక్కడా లేదు. మాలో ముద్దుపేరు వదిలేసి పేరు పెట్టి పిలిచేది పోలీసులూ కోర్టువాళ్ళూనే. ఆమె ఆ సందేశం మాకందరికీ చదివి వినిపించింది. బడి పోతుందన్న మాటని తట్టుకుంది కానీ ఆ పిలుపుని తట్టుకోలేకపోయిందని మాకు తెలుస్తూనే ఉంది.

క్రిస్మస్ వెళ్ళాక తండ్రులు బడి దగ్గర చేరారు. ఒకప్పుడు పిల్లల్ని బడికి పంపం అని మొండికేసినవాళ్ళే. చర్చి వెనక షెడ్డులోకి బల్లలు మోసిపెడతామన్నారు.

"ఒక్క బల్ల కూడా కదలదు. ఫిబ్రవరి నాలుగున బడి తెరుస్తున్నాం. ఒకటో తరగతికి పేర్లు రాయించండి" అంది కబాహెండ.

"పోలీసులొస్తేనో?" అన్నారెవరో.

"పోలీసులతో నాకేం పని? నాకు రాణిగారితోనే పని. విమానం దిగాక ఆవిడ కారు రాజధాని నుంచి కొండెక్కాలంటే మన బడి ముందు నుంచే పోవాలి. నూట నలభై మంది పిల్లలూ, వాళ్ళ తల్లులూ రోడ్డు మీద నిలబడతారు. నేను ముందుంటాను. కారు దిగి, నా మొహం చూసి, నన్ను ఆత్వోకీ అని పిలిచి, బడి ఖాళీ చెయ్యమని ఆ నోటితోనే చెప్పమనండి. చెబితే ఆ సాయంత్రమే నేనే తాళంచెవులు చేతికిస్తాను."

రాజుగారి బండికి అడ్డం నిలబడ్డవాడు మా సీమలో ఇంతవరకూ లేడు. అయినా ఎవరూ వద్దనలేదు. కాహ్వా కర్ర ఊతంగా లేచి, నేనూ వస్తానన్నాడు. కబాహెండ కుసెమెరెర్వాకి ఫోన్ చేసి ఒక్కటే అడిగింది. కుసెమెరెర్వా తన పేరు బయటపెట్టనని రెండుసార్లు చెప్పించుకుని అప్పుడు చెప్పింది. కబాహెండ దాన్ని బడి గోడ మీద సుద్దతో, పిల్లలకి కూడా కనిపించేలా పెద్ద అక్షరాలతో రాసింది: రాణిగారు వచ్చే రోజు, జనవరి ఇరవై ఎనిమిది, సోమవారం.