విమానం కూలిన రోజు బిర్యానీ

వేలూరు బస్సులో ఒకాయన ఫోను లాక్కుని కిటికీలోంచి విసిరేసిన ముసలివాడినని మా ఊరు గుడియాత్తంలో నాకు పేరుంది. ఆ పేరు తెచ్చిపెట్టుకున్నది నేనే.

ఆరోజు ఒక మిద్దెకు కాంక్రీటు పోస్తున్నాం. కాంక్రీటు రోజు కూలీలకు భోజనం పెట్టడం ఆనవాయితీ కాబట్టి ఇంటాయన ఆంబూరు బిర్యానీ తెప్పించాడు. మావాళ్లు పొట్లాలు విప్పి, ఫోను మధ్యలో నిలబెట్టుకుని, గల్ఫ్ నుంచి లేచిన విమానం ఇంజిను చెడి కూలిపోవడం చూస్తున్నారు. దానికెవడో సినిమా పాట కూడా అతికించాడు.

"మళ్లీ పెట్టప్పా, పొగొచ్చేకాడ పెట్టు," అన్నాడొకడు ఎముక చీకుతూ.

మాతో ఇసుక మోసే ఆమె పొట్లం ముట్టలేదు. ఆమె అన్న గల్ఫ్‌లో కూలిపని చేస్తాడు, ఆరోజే ఇంటికి బయల్దేరాడు. ఏ విమానమో ఆమెకు తెలియదు. అతని ఫోను కలవడం లేదు.

"మామా, నువ్వు దుబాయికి పోయింటివి గదా. ఒక ఇంజిను పోయినా ఇంకోటి మెల్లగా దించుతాదా, లోపలుండేవాళ్లు బతుకుతారా?" అనడిగింది నన్ను.

నా దుబాయి కథ పనిలో అందరికీ కంఠతా. సముద్రం మీద ఇంజిను ఆగిందనీ, పైలటుకు నేనే ధైర్యం చెప్పాననీ.

"దించకేమమ్మా! నన్ను పూలతట్ట మాదిరి దించలా?"

ఆమె ముఖం తేటపడింది. నా మాట నమ్మి మళ్లీ ఇసుక తట్ట నెత్తికెత్తుకుంది. అది చూసేసరికి నోట్లో ముద్ద కుళ్లు కంపు కొట్టింది. ఉమ్మేసి వెంటపడ్డాను.

"అమ్మా, నేను అరక్కోణం దాటి యాడికీ పోలా. దుబాయంతా అబద్ధం. తట్ట దించు. వేలూరులో మీయన్నను పంపిన ఏజెంటును అడుగుదాం పా."

"థూ! నీ నోట్లో మన్నుబడ!" అంటూ తట్ట అక్కడే పడేసింది.

"సగంలో కాంక్రీటు ఆపేదెట్టమ్మా? సాయంత్రం పోకూడదా?" మేస్త్రీ అరిచాడు, చేతిలో సగం కొరికిన కోడిగుడ్డుతో.

వేలూరులో ఏజెంటు టీ గ్లాసు కిందపెట్టకుండానే చెప్పాడు. "ఆమామ్మా, అవును. మీయన్నది అదే ఫ్లైటు."

తిరుగు బస్సులో ఆమె ఏడవలేదు. మా ముందు సీటులో ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి పక్కాయనకు వీడియో చూపిస్తున్నాడు. అదే విమానం, అదే పాట.

"చూడు, ఇప్పుడు పడతాది చూడు!"

ఇక్కడినుంచి నేను ఊళ్లో చెప్పే కథ వేరు. నిజానికి ఆ ఫోను లాక్కున్నది ఆమె, విసిరింది ఆమె. నేను చేసిందల్లా కిటికీ అద్దం జరపడమే.