జబ్బు లేదని రాసిన వీధి

ఆ ఊళ్ళో అందరూ ఆమెను లెక్కలమ్మ అనేవారు. ఆరోగ్య శాఖ సర్వేల కోసం ఇరవయ్యేళ్ళుగా ఇల్లిల్లూ తిరుగుతోంది. గుమ్మంలో నిలబడి ఆమె అడిగే మొదటి మాట "ఇంట్లో ఎంతమందమ్మా?" అని. దాంతో ఆ పేరు అతుక్కుపోయింది. పిలిస్తే కోప్పడేదీ కాదు.

ఆ ఏడు ఫారంలో అసలైన ప్రశ్న ఒక్కటే: "గత ముప్పై రోజుల్లో ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందా?" ఆ జవాబులను బట్టే కొత్త ఆసుపత్రి ఎక్కడ కట్టాలో తేలుస్తారు. ఆమె వంతుకు రెండు వీధులు వచ్చాయి.

ఎగువ వీధిలో రిటైరైన బ్యాంకు మేనేజరు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మోకాళ్ళతో మొదలుపెట్టాడు. మెడ దాకా వచ్చేసరికి అరగంట పట్టింది. "కళ్ళ సంగతి ఇంకా చెప్పనేలేదమ్మా, రాసుకో," అంటూ లావుపాటి ఫైలు ముందుకు తోశాడు.

దిగువ వీధి బండలు కోసే షెడ్ల వెనకాల ఉంటుంది. కిటికీ చువ్వల మీదా, ఆరేసిన బట్టల మీదా తెల్లటి పొడి. అక్కడ తలుపు తీసిన ప్రతి మనిషీ నాలుగుసార్లు దగ్గి, గొంతు సవరించుకుని, "జబ్బా? అబ్బే, మాకేం జబ్బమ్మా! దుక్కలా ఉన్నాం," అనేవాడు.

"మరి ఆ దగ్గు?"

"ఇదీ ఓ జబ్బేనా? బండ పని చేసే వాళ్ళందరికీ ఉండేదేగా."

మంచాన పడి పని మానేస్తేనే వాళ్ళ లెక్కలో జబ్బు. ఆమె తమ్ముడి ఇల్లూ ఆ వీధిలోనే. ముప్పై తొమ్మిదేళ్ళవాడు, పదహారేళ్ళుగా కోత మిషను మీద ఉన్నాడు. "నా దగ్గర కూడా ఆ కాగితాలు తీస్తావా అక్కా? ఏమీ లేదని రాసెయ్," అని నవ్వాడు. ఆమె అలాగే రాసింది.

నెల తిరిగేసరికి లెక్క తేలింది. ఎగువ వీధిలో నూటికి నలభై ఒక్కమంది జబ్బుమనుషులు, దిగువ వీధిలో తొమ్మిదిమంది. సర్వే ఆఫీసరు గోడ మీది మ్యాపులో ఎగువ వీధి దగ్గర గుండుసూది గుచ్చాడు.

లెక్కలమ్మ మనసు ఒప్పుకోలేదు. ఫారాలు ముందేసుకుని వయసుల గడి ఒక్కటే చూసుకుంటూ పోయింది. దిగువ వీధిలో నూట ఇరవై ఇళ్ళున్నాయి. అరవై దాటిన మగవాళ్ళు ఇద్దరంటే ఇద్దరు.

"సార్, జబ్బులే లేని వీధిలో ముసలాళ్ళంతా ఏమైనట్టు?"

"ఎక్కడికైనా పోయారేమో. అయినా నింపింది మీరేగా? ఇది మీ రాతేగా?"

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. రాత తనదే. చెప్పింది రాసుకుందే గాని, ఎదురుగా నిలబడి దగ్గుతున్న మనిషిని రాయలేదు.

"నాదే సార్. అందుకే మళ్ళీ వెళ్తానంటున్నా. పది రోజులు ఇప్పించండి."

ఆయన చెడ్డవాడేం కాదు, గడువు తరుముకొస్తోందంతే. తల గోక్కుని, "వారం," అన్నాడు.

ఈసారి ఆమె రెండు వీధుల్లోనూ కొత్త ప్రశ్నలు అడిగింది. ముప్పయ్యేళ్ళలో ఈ ఇంట్లో ఎవరు పోయారు, ఎన్నేళ్ళకు పోయారు? మెట్లెక్కుతూ ఎన్నిచోట్ల ఆగుతారు? నర్సును బతిమాలి, ఊపిరి బలం కొలిచే గొట్టం కూడా తెచ్చుకుంది. మేనేజరు ఊదితే ముల్లు పైకి ఎగబాకింది. ఆయన కాస్త నిరాశపడ్డాడు కూడా.

దిగువ వీధిలో బట్టలు కుట్టుకునే ఒకావిడ వేళ్ళు మడుస్తూ చెప్పింది. "మామగారు నలభై ఎనిమిది. మా ఆయన నలభై నాలుగు. బావగారు యాభై." అక్కడ ఆగిపోయింది. "ఇలా వరసపెట్టి ఎప్పుడూ అనుకోలేదమ్మా," అంది.

తమ్ముడు, "బూర ఊదడానికి నేనేం చిన్నపిల్లాడినా?" అంటూనే ఊదాడు. ముల్లు సగం కూడా ఎక్కలేదు. మళ్ళీ ఊదినా అంతే. "నీ గొట్టం పాడైంది," అన్నాడు. ఆమె గొట్టం చివర నోట్లో పెట్టుకునే అట్ట మార్చి తను ఊదింది. ముల్లు సులువుగా అతన్ని దాటిపోయింది.

వంటింటి గుమ్మంలోంచి మరదలు నెమ్మదిగా అంది: "మెట్ల మీద మూడుచోట్ల ఆగుతారు వదినా. నీకు చెప్పొద్దన్నారు."

రెండో లెక్క వచ్చింది. ఎగువ వీధిలో మనుషులు సగటున డెబ్బై మూడేళ్ళకు పోతుంటే, దిగువ వీధిలో నలభై తొమ్మిదేళ్ళకే పోతున్నారు. ఆఫీసరు ఆ రెండంకెల వైపు చాలాసేపు చూసి, లేచి వెళ్ళి గుండుసూది పీకేశాడు.

స్థలం లేదని పెద్దాసుపత్రి దిగువ వీధికి రాలేదు. ఖాళీ గోదాములో వారానికి మూడు రోజులు ఊపిరితిత్తుల వైద్యం మొదలైంది. పొడి లేవకుండా నీళ్ళు పోస్తూనే బండలు కొయ్యాలని షెడ్లకు ఉత్తర్వులు వెళ్ళాయి. మరుసటి ఏడు ఆ వీధి జబ్బులు నూటికి యాభై రెండని తేలితే, తనిఖీకి వచ్చిన పై అధికారి గుడ్లురిమాడు. "వైద్యం ఇస్తే జబ్బులు పెరిగాయేంటి?"

"పెరగలేదు సార్," అంది లెక్కలమ్మ. "ఇప్పుడు బయటికి చెప్పుకుంటున్నారు."

తమ్ముడికి పోయిన ఊపిరి తిరిగి రాలేదు. కోత మానేసి గేటు దగ్గర లారీల నంబర్లు రాసుకునే పనికి మారాడు. చేయి తిరిగిన పనివాణ్ణి రోగిని చేసి కూర్చోబెట్టావని మూడు నెలలు అక్కతో మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం ఒక కోతపనివాణ్ణి వెంటబెట్టుకుని, గోదాములో రోగుల పేర్లు రాసుకుంటున్న ఆమె దగ్గరికి వచ్చాడు.

"వీడూ ఏమీ లేదంటున్నాడక్కా. నువ్వడుగు."

ఆమె ముందు తమ్ముణ్ణి కూర్చోమంది. తర్వాత ఆ పనివాడి వైపు తిరిగి, "ఇక్కడి దాకా నడిచొచ్చావు కదా నాయనా, దారిలో ఎన్నిచోట్ల ఆగావు?" అని అడిగింది.