అమ్మ వేసిన అక్కడిసాళ్ళు

అత్తిబెలె పొలిమేరలో రోడ్డు పక్కన మాకొక మెట్టచేను ఉండేది. పండేది రాగే. కానీ ఒట్టి రాగి వేస్తే మా అమ్మకు నిద్ర పట్టేది కాదు. నాన్న గొర్రు తోలుతుంటే వెనకే నడుస్తూ, కొన్ని రాగి సాళ్ళకు ఒక సాలు చొప్పున అనపగింజలు, జొన్నలు, అలసందలు, ఆవాలు కలిపి వదిలేది. దాన్నే మా వైపు అక్కడిసాలు అంటారు.

నాన్నకు అది చూస్తే చిరాకు. అరవైల నడుమ ఊళ్ళోకి కొత్త రాగి విత్తనం వచ్చాక ఆ చిరాకు ముదిరింది. "ఇది చేనా, సంతనా?" అనేవాడు. జొన్నకంకుల మీద పిట్టలు వాలితే మరీ మండిపోయేవాడు. ఆ పిట్టలే అనపకాయల్లో పురుగును ఏరుకు తింటాయని అమ్మ వాదన. ఇద్దరి మొండితనమూ నాకే వచ్చింది.

ఒక ఏడు నాన్న పట్టుబట్టి చేను రెండు చేశాడు. రోడ్డు వైపు సగం ఒట్టి కొత్త రాగి, గట్టు వైపు సగం అమ్మది. తీరా రాగి వెన్ను తీసే వేళకు వాన మొహం చాటేసింది. నాన్న వైపు చేను ఎండి మాడిపోయింది. అమ్మ వైపు రాగి కూడా అంతంతమాత్రమే. చలికాలం ఏం తింటామో, ఆవును మేపగలమో అమ్ముకోవాలో తెలియలేదు. నాకైతే ఆవు మీదే బెంగ.

అంతలో మంచు పడింది. అనప వాన కోసం కాచుకోదు, మంచుకే పూస్తుంది. గట్టు వైపంతా తీగలు పూసి, కాసి, ఘుమఘుమలాడాయి. జొన్నచొప్ప ఆవుకు సరిపోయింది. మాకు గుప్పెడు రాగిసంగటి, గిన్నెడు అనపగింజల పితికిపప్పు. ఎంత హాయిగా తిన్నామో. ఇప్పుడు లోకమంతటా వానలు గతి తప్పాయని చదువుకున్నవాళ్ళు చెబుతుంటే, నాకు ఆ సగం చేను తలపుకొచ్చి కాస్త ధైర్యంగా ఉంటుంది.

ఒక పొద్దున పక్కచేను ఆయన వచ్చి, మీకెట్లా పండిందని అడిగాడు.

"ఒగటి పోతే ఇంగొగటి నిలబడాలప్పా," అన్నాడు నాన్న. "నేను మొదట్నుంచీ చెప్తానే ఉండా."

నాకు ఒళ్ళు మండింది. లోపలికెళ్ళి అమ్మకు చెప్పాను. ఆమె నానిన అనపగింజలు పితుకుతూ నవ్వింది.

"చెప్పుకోనీ పాపా. ఇంగ చేనంతా నాదే."