ఇసుర్రాయికి ఎదురు గొంతు

నా చిన్నప్పుడు జరిగిన ఈ ముచ్చటలో ఒక్క మాట అబద్ధమున్నా ఆ అనంతగిరి పద్మనాభస్వామి నా నోరు పడగొట్టుగాక! ఒట్టేశాను, ఇక నమ్మండి.

ధారూర్ దగ్గరి మా పల్లెలో మా నాయనమ్మా, ఆమె తోటికోడలూ రోజూ పొద్దున్నే ఇసుర్రాయికి అటొకరు ఇటొకరు కూర్చుని, ఒకే పిడిని ఇద్దరూ పట్టుకుని జొన్నలు విసిరేవారు. పాట కూడా ఇద్దరిదే. "కొండమీద మబ్బొచ్చె, తోడెవ్వరమ్మా" అని నాయనమ్మ అడిగితే, "తొవ్వల నేనుంటి, భయమెందుకమ్మా" అని ఆమె అందుకునేది. అడిగిన మనిషే జవాబు పాడుకోవడం మా వైపు లేదు.

ఒక వానాకాలం ఆ తోటికోడలు జ్వరంతో పోయింది. నాయనమ్మ మాత్రం తన సగం పాడి ఆగేది. ఆ ఖాళీలో రాయి ఒక్కటే గరగరమనేది. మళ్లీ పాడేది, మళ్లీ ఆగేది. పోయిన మనిషి చోటని, ఎదురుగా కూర్చోవడానికి మా అమ్మకు ధైర్యం చాల్లేదు. ఇంటిల్లిపాదికీ జంకు పట్టుకుంది.

"జొన్నలు తాండూరు పిండి గిర్నీకి పంపిస్తనే అవ్వా. గీ రాయిని ఊరవతల చెల్కల పడేసొస్త. పోరగాడు జడుసుకుంటుండు," అన్నాడు మా నాయన.

"రాయిని తీస్కపోతే నేనెవ్వరితోని మాట్లాడాలెరా? నీ గిర్నీతోనా?"

అయినా మర్నాడు పొద్దున నాయన బండి కట్టాడు. కొండల మీంచి దిగిన మంచులో ఎద్దుల మెడగంటలు తప్ప ఏమీ తెలియడం లేదు. నాయనమ్మ ఆఖరిసారిగా పిడి పట్టుకుని "తోడెవ్వరమ్మా" అంది. గోడ అవతలి నుంచి సన్నని ఆడగొంతు జవాబిచ్చింది. రాగం అదే. మాటల్లో ఒక్క ముక్క తెలుగు లేదు.

నేను నాయనమ్మ కొంగులో దూరాను. ఆమె చేయి ఆపలేదు. "భయమెందుకు కొడుకా? జవాబు దొరకని పాట ఇల్లిల్లు తిరుగుతది. తన లెక్క ఒంటిగున్నోళ్లు యాడున్నా పట్టుకొస్తది," అంది.

ఆ గొంతు పక్కింటికి కొత్తగా వచ్చిన కోడలిది. సేడం వైపు కన్నడపిల్ల. అత్తగారింట్లో ఆమె మాట అర్థమయ్యేవారే లేరు. విసురుడు పాట మాత్రం పుట్టింటి నుంచి వెంట తెచ్చుకుంది. "రా బిడ్డా, కూసో" అని నాయనమ్మ పిలిస్తే వచ్చి ఎదురుగా కూర్చుంది. మా నాయన ఎద్దులను విప్పేశాడు. రాయి ఇంట్లోనే ఉండిపోయింది.

ఇక్కడితో ఆపితే బాగుండేది గానీ, ఒట్టు పెట్టుకున్నాను కదా. ఆ కన్నడ కోడలిని నేనే పుట్టించాను. ఈ కథ విన్న పిల్లలు పక్క తడుపుతున్నారని ఆమెను కాపురానికి తెచ్చాను. అసలు మాకు పక్కిల్లే లేదు, తుమ్మచెట్ల బీడు. తర్వాత తాండూరు సంతలో కన్నడం ఎంతో విన్నాను; ఆ మాటలు కన్నడం కావు. మిగిలిందంతా నిజం. ఆ గొంతు, నాయన ఎద్దులను విప్పడం, ఆనాటి నుంచి ఆ రాయి ఇద్దరు తిప్పినంత సులువుగా తిరగడం.

అందుకే ఇప్పటికీ ఎవరైనా ఒంటరిగా సగం పాట పాడి ఆగితే, నాకు రాకపోయినా సరే, మిగతా సగం నేనే అందుకుంటాను. రైల్లో జనం నవ్వుతారు. నవ్వనీ. నాకంటే ముందు ఇంకెవరైనా అందుకుంటే?